ప్రార్థనలో పగిలిన బొండాలు

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనిషికి తనకు తెలియనిది లోకంలో లేదనిపిస్తుంది. నాకైతే మరీనూ! అమలాపురంలో సైన్సు టీచరుగా చేరిన ఆ రోజుల్లో, ఇంట్లో గ్యాసు వెలిగించినా దాని వెనకున్న సూత్రం చెప్పేదాన్ని. (“ముందు పాలు పొంగకుండా చూడవే తల్లీ” అనేది అమ్మ.) ఆ వేసవిలోనే రాజోలు సంబంధం వచ్చింది. అబ్బాయి మస్కట్‌లో ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. అతని సెలవు అయిపోవస్తోంది. ఇప్పుడు కుదరకపోతే వాళ్ళమ్మగారు ఇంకో సంబంధం ఖాయం చేసేస్తారట. నాకేమో ఫొటో చూసిన దగ్గర్నుంచీ ఇదే కుదరాలని ఉంది. (ఆ ఫొటో నా బైబిల్లో ఉందని ఎవరికీ చెప్పలేదు.)

మా వైపు, ఇంటికి వచ్చినవాళ్ళ కళ్ళముందే కొబ్బరి బొండాం కొట్టి ఇవ్వాలి. లోపల గ్లాసులో పోసి తెస్తే మర్యాద కాదు. మండుటెండలో వెచ్చటి బొండాం ఏమిస్తామని, పొద్దున్నే మూడు బొండాలకు పీచు ఒలిపించి ఫ్రీజర్లో కుక్కేశాను. కాసేపయ్యాక కింది అరలోకి మార్చాలనుకుని, చీర ఎంచుకునే హడావుడిలో మర్చిపోయాను. నీరు గడ్డకడితే పెరుగుతుందని సెలవులకు ముందే ఎనిమిదో తరగతికి చెప్పాను. కానీ పాఠంలోవి నీళ్ళు, ఇవి బొండాం నీళ్ళాయె! ఆ రెంటికీ సంబంధముందని తట్టనే లేదు.

సాయంత్రం అబ్బాయి, వాళ్ళమ్మగారు, పాస్టరుగారు వచ్చారు. మాటలకు ముందు ప్రార్థన. అందరం కళ్ళు మూసుకున్నాం (నేను ఒక కన్నే). “ప్రభువా, ఈ ఇంట శాంతి సమాధానములు...” అంటుండగా వంటింట్లో ‘ఠప్’ మంది. పాస్టరుగారు కళ్ళు తెరవకుండా “స్తోత్రం” అన్నారు. మళ్ళీ ‘ఠప్’. “స్తోత్రం, స్తోత్రం.” మూడోదానికి ఆమెన్ అనేశారు.

అబ్బాయి లేచి తిన్నగా ఫ్రిజ్ దగ్గరికి నడిచాడు. అలవాటు కాబోలు. తలుపు తీస్తే, వెనకే వెళ్ళిన మా అందరి ముందూ చిప్పలు నెర్రెలిచ్చి, లోపలి మంచు తెల్లగా పైకి ఉబికింది. అయిపోయింది నా పెళ్ళి అనుకున్నాను. వాళ్ళమ్మగారు నావైపు తిరిగారు.

“సైన్సు టీచరువి కదమ్మా, ఇదెందుకు పగిలిందో?”

కంగారులో క్లాసులోలాగే నిటారుగా నిలబడిపోయాను. “చల్లబడితే చాలా వస్తువులు కుంచించుకుపోతాయండీ. నీరు మాత్రం గడ్డకట్టేటప్పుడు పెరుగుతుందండీ. చోటు చాలక పగిలిందండీ.”

“తెలిసీ పెట్టేవా?”

“ఆయ్” అన్నాను. అవుననక ఇంకేమంటాను!

ఆవిడ పడీపడీ నవ్వారు. అబ్బాయి ఆ మంచూ లేత కొబ్బరీ చెంచాతో గిన్నెలోకి గీకి వాళ్ళమ్మ చేతికిచ్చాడు. “తిను అమ్మా, మస్కట్‌లో కూడా దొరకదిది.” ఆవిడ గిన్నె ఖాళీ చేసి, “పిల్ల అబద్ధం చెప్పదు, అది చాలండి” అన్నారు పాస్టరుగారితో.

అత్తయ్యగారు బతికున్నన్నాళ్ళూ ఇంటికెవరొచ్చినా ఈ కథ చెప్పి నవ్వించేవారు. నేను ఉడుక్కునేదాన్ని. ఆవిడ పోయాక మొదటి వేసవి ఇది. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందనిపించి, నిన్న ఒక బొండాం ఫ్రీజర్లో పెట్టి వంటింట్లోనే కూర్చున్నాను. సాయంత్రానికి ‘ఠప్’ మంది. మా ఆయన పేపరు పక్కన పెట్టి వచ్చారు.

“తెలిసీ పెట్టేవా?” అన్నారు, అచ్చం వాళ్ళమ్మ గొంతుతో.

“ఆయ్” అన్నాను.