బోర్డు రూములో తోడల్లుళ్ళు

ఆ ఆఫీసులో మీటింగు గదులన్నీ ఆయన చేతిమీదుగానే నడిచేవి. ప్రొజెక్టరు దుమ్ము దులపడం, మైకుల్లో బ్యాటరీలు మార్చడం, ఎవరి ల్యాప్‌టాప్ తెర మీదికి రాకపోయినా పరుగెత్తడం ఆయన పని. నోరు మాత్రం దురుసు. వైరు పట్టి లాగింది పెద్ద ఆఫీసరైనా సరే, "అది పలుపుతాడు కాదండీ" అనేసేవాడు.

మరదలి భర్తను ఆ ఉద్యోగంలో పెట్టించింది ఆయనే. దగ్గరుండి పని నేర్పాడు. తోడల్లుడు పనికంటే ముందు పైవాళ్ళను మంచి చేసుకోవడం నేర్చుకున్నాడు. రెండో ఏడాదికల్లా సూపర్‌వైజరై కూర్చున్నాడు. ఇంట్లో "అన్నయ్యా" అనే నోరు ఆఫీసులో "ఏమయ్యా" అనడం మొదలుపెట్టింది. ఆయన పళ్ళు నూరుకుని ఊరుకున్నాడు.

ఒక ఉదయం బోర్డు రూములో బయటి కంపెనీవాళ్ళు కూర్చుని ఉన్నారు. తెర మీద బొమ్మ రాలేదు. ముందురోజే తోడల్లుడు తెర వైరును కొత్త పెట్టెకు మార్చాడు, ఆయనకు చెప్పలేదు. ఆయన బల్ల కింద దూరి పాత పెట్టెలో తడుముతుంటే పైనుంచి తోడల్లుడి గొంతు వినబడింది.

"కళ్ళు కనబడకపోతే ఇంట్లో కూర్చోవయ్యా. మా పరువు తియ్యడానికా వచ్చేది?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన మోకాళ్ళు దులుపుకుని లేచాడు.

"వైరు నువ్వు మార్చావా?"

"మారిస్తే? నిన్నడిగి మార్చాలా?"

"అక్కర్లేదు. మార్చినవాడివి నువ్వే చూసుకో."

రిమోటు బల్ల మీద పడేసి బయటికి నడిచాడు. తోడల్లుడు చెమటలు కక్కుతూ, సరిగా ఉన్న వైర్లు కూడా పీకిపెట్టాడు. బొమ్మలు లేకుండానే మీటింగు ముగిసింది. మర్నాడు ఆయన్ని వెనక భవనంలోని శిక్షణ గదికి తరిమారు. తోడల్లుడి కుర్చీ కదల్లేదు.

ఆ వారమే తోడల్లుడు భార్యను వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు. ఆయన పడగ్గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు.

"మా చెల్లి ముఖం చూసైనా బయటికి రండి," అంది భార్య తలుపు తడుతూ.

"మీ చెల్లెలొస్తే నెత్తిన పెట్టుకుంటాను. వాడు మాత్రం నా గడప తొక్కకూడదు."

"నాకేం ఖర్మ, పదవే!" అని హాల్లోంచి తోడల్లుడి కేక వినబడింది. వీధి తలుపు దడాలుమంది.

అప్పట్నుంచి అక్కాచెల్లెళ్ళు పుట్టింట్లోనే కలుసుకుంటున్నారు. మొన్నామధ్య బోర్డు రూము మైకు గరగరమంటోందని, బాగుచేయమని తోడల్లుడు మనిషి చేత పంపాడు. ఆయన దాన్ని ముట్టుకోనైనా లేదు.

"నా గదిది కాదు. తీసుకుపో," అన్నాడు.

సాయంత్రం ఆ సంగతి చెప్పి సంబరపడదామని భార్యను పిలిచాడు. ఆవిడ చెల్లెలితో ఫోన్లో ఉంది. ఆయన వైపు చూడకుండా పక్కగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.