పట్టు వదిలిన కణాలు

పోయిన వారం కోవిల్‌పట్టి బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది. మా మేడమ్ విరుదునగర్‌లో ఇంట్లోనే పోయారని ఆమె తమ్ముడు చెప్పాడు. గుండె ఆగిపోయిందట.

పరిశోధనలో నాకు ఓనమాలు దిద్దించింది ఆమే. మాది నాగలాపురం, సేద్యం చేసే ఇల్లు. ఆమెది మగ్గాల ఇల్లు. ఉండేది తమిళనాడులో కాబట్టి బయట అందరితో తమిళమే. కణాలు పెంచే గది తలుపు మూసుకున్నాక ఇద్దరం ఇంటి తెలుగులోకి వచ్చేసేవాళ్ళం. ఆ గదిలో ఆమె గొంతు దానంతటదే తగ్గేది, లోపల ఎవరో పడుకుని ఉన్నట్టు.

కాన్పులప్పుడు తల్లుల అనుమతితో బొడ్డుతాడు నుంచి తీసిన నెత్తురు మాకు వచ్చేది. అందులోని మూలకణాలను ప్లాస్టిక్ సీసాల్లో పెంచేవాళ్ళం. అవి సీసా అడుగుకు అతుక్కుంటేనే పెరుగుతాయి. పట్టు దొరకనివి తేలుతూ చచ్చిపోతాయి. కణాన్ని అలా అతికించే అణువుల మీదే మేడమ్ పరిశోధన. పొద్దున్నే మైక్రోస్కోపులో చూసి, "పట్టుకొనిందమ్మా" అనేవారు. ఆ రోజంతా ఆమె మొహం తేటగా ఉండేది.

ఒక నెత్తురులోంచి వచ్చిన కణాలు మాత్రం మిగతావాటికన్నా గట్టిగా అతుక్కునేవి. ఎన్నిసార్లు విడదీసి కొత్త సీసాలోకి మార్చినా మళ్ళీ పట్టుకునేవి. ఆమె కొన్నేళ్ళ పని వాటి మీదే నిలబడింది.

ఒకనాడు ఏళాయిరంపన్నై నుంచి ఒకామె వచ్చింది. బాణసంచా పనికి పోయే మనిషి. కాన్పు చేసిన ఆసుపత్రి నర్సు తోడుంది. కాన్పునాడు బొడ్డుతాడు నెత్తురు ఇవ్వడానికి ఒప్పుకున్న తల్లి ఆమె. బిడ్డ కొద్దిరోజులకే పోయింది. తమిళంలో మొదలుపెట్టి, మా మాటలు విని తెలుగులోకి మారింది.

"బిడ్డను పూడ్చినాంక నాకు నిద్ర లేదమ్మా. ఎక్కడో మేలుకొని ఉండాది అనిపిస్తాంది. మీ కాడ ఉండాదా?"

నర్సు రాసి తెచ్చిన నెత్తురు నమూనా నంబరు, గట్టిగా అతుక్కునే ఆ కణాలదే. మేడమ్ దాచలేదు. అవి వట్టి కణాలని, బిడ్డ కాదని, వాటికి నొప్పీ తెలివీ ఉండవని నిదానంగా చెప్పారు. చూస్తానని ఆమె పట్టుబడితే, రోజంతా సాగిన పెరుగుదలను క్షణాల్లో చూపించే వీడియో పెట్టారు. కణాలు సన్నటి కొనలు చాపాయి. అటూ ఇటూ తడిమాయి. అడుగును పట్టుకున్నాయి. నేను ఎన్నోసార్లు చూసిందే. ఆమె పక్కన నిలబడి మొదటిసారిలా చూశాను.

"ఎవుర్ని ఎతుకుతాంది?" అందామె.

మేడమ్ వీడియో ఆపేశారు.

"పండబెట్టేయండమ్మా. ఐసులో మాత్రం పెట్టద్దండి," అంది ఆ తల్లి.

మర్నాడు మేడమ్ ఆ కణాలున్న సీసాలన్నీ బయటికి తీశారు. గడ్డకట్టించి దాచినవాటిని కూడా. ఇలాంటి కణాలు మళ్ళీ దొరకవని బతిమాలాను.

"తల్లి వద్దనినాంక మనకేం హక్కు ఉండాది?" అన్నారు.

ఒక్కో సీసాలో కణాలను చంపే మందు పోసి, కణాలు పట్టు వదిలేదాకా మైక్రోస్కోపు ముందునుంచి లేవలేదు. కొన్ని చాలాసేపు వదల్లేదు.

ఆ మధ్యాహ్నమే ఆ తల్లి పని మధ్యలో, కూర్చున్నచోటే నిద్రలోకి జారిందని తర్వాత నర్సు చెప్పింది. మేము ఆమెకు కబురేమీ పంపలేదు.

ఆ కణాలు వెచ్చగా పెరిగిన ఇంక్యుబేటర్‌లో మేడమ్ మరో సీసా పెట్టలేదు. దాన్ని ఆపనూ లేదు. ఖాళీ అరల కింద తేమ కోసం ఉంచే నీళ్ళు తగ్గితే తనే పోసేవారు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. ఆమె నేర్పిన పనితోనే ఇప్పుడు కణాలు పెంచే గది నా చేతికొచ్చింది.

అంత్యక్రియలు అయ్యాక ల్యాబుకు వెళ్ళి, ఆ ఇంక్యుబేటర్‌ను ఆపేద్దామని దాని తలుపు తెరిచాను. లోపల ఏమీ లేదు. చెయ్యి పెట్టి చూశాను. అందులో అంతటా ఒకే వెచ్చదనం ఉండాలి. ఎవరో అప్పుడే లేచి వెళ్ళిన పక్కలా, అర మధ్యలో ఒక్కచోట మాత్రం వెచ్చదనం ఎక్కువగా ఉంది.