లచ్చవ్వ చెప్పిన దిగుడు లెక్క

ఎండాకాలం సెలవులు ముగిసి బడి తెరిచే ముందు గోడలకు సున్నం కొట్టిస్తాము. తొట్టిలో సున్నపురాళ్లు బుసబుస పొంగుతూ ఉడికేటప్పుడు లేచే ఆ ఘాటైన వాసన ముక్కుకు తగిలిందంటే, యాభైకి దగ్గరపడుతున్న నేను తరగతి గది గుమ్మంలో నిలబడి ఉండగానే సిద్దిపేట పొలిమేరలో గజ్వేల్ బాట వెంట వరుసగా నిలిచిన తాళ్ల, అంటే తాటిచెట్ల, కిందికి వెళ్లిపోతాను. ఈ ఏడు మాత్రం ఆ వాసన నన్ను నిలదీసింది. సెలవులకు ముందు బడి వార్షికోత్సవం నాడు మా తోటి పంతులొకరు నా మెడలో దండ వేసి, “మన సారు ఆరేండ్ల వయసులనే ఉల్టా లెక్క చెప్పి వాళ్ల బాపు తాళ్లు పోకుండ కాపాడిండు, అదే లెక్క ఇయ్యాల మన పిల్లలకు నేర్పుతుండు” అని పిల్లలందరి చేత చప్పట్లు కొట్టించాడు. నేను దండ సర్దుకుని నవ్వాను. ఆ మాట మా బంధువుల్లో ఎన్నో ఏళ్లుగా నడుస్తున్నదే. కానీ అది నిజం కాదు. నిజం ఏమిటో చెప్పవలసిన వాణ్ని నేనే.

మాది తాళ్లు గీసే ఇల్లు. మా బాపు రాజయ్య నడుముకు మోకు చుట్టుకుని, కాళ్లకు గుజి బంధం తగిలించుకుని, చెట్టు మొదలును తాకిన చేతిని కళ్లకద్దుకుని, పొద్దున ఒకసారి, నడిపొద్దున ఒకసారి, సందెకు ఒకసారి చెట్లెక్కేవాడు. మా ఇంటి నిండా పులిసిన కల్లు వాసన, పొగపట్టిన కల్లుకుండల, అదే లొట్ల, వాసన, కత్తి నూరిన తడిరాయి వాసన కలిసి ఉండేవి. ఎండాకాలంలో లేత ముంజలను బొటనవేలితో పొడిచి తాగి, ఆ బుర్రలకు పుల్ల గుచ్చి బండి చేసి దుమ్ములో తోసుకుంటూ పరుగెత్తేవాళ్లం. వానలకు రాలిన తాటిపండ్లను కాల్చి, పీచు పళ్ల సందున ఇరుక్కుంటున్నా వదలకుండా చీకేవాళ్లం. చలికాలం వస్తే పాతరలోంచి తవ్విన గేగులను, అదే తేగలను, బూడిదలో కాల్చుకుని, ఆ వేడిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ గోడవారన ఎండకు కూర్చునేవాళ్లం. దసరాకు మా అమ్మ, మేము అవ్వ అనేవాళ్లం, జొన్నరొట్టెను వేడిమీద చిదిమి బెల్లం కలిపి మలీద ముద్దలు చేసేది. ఆ ముద్ద ఒకటి నోట్లో, ఒకటి చేతిలో పెట్టుకుని చిర్రగోనె ఆడటానికి పోతే, మళ్లీ ఆకలేసినప్పుడే ఇల్లు గుర్తుకొచ్చేది.

అది లడాయి కాలం, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. గింజలు కరువు, కూరలు కరువు. ఆ ఏడు దసరా దాటాక బాపుకు రేచీకటి పట్టుకుంది. పగలంతా కాకి కన్నంత చురుకుగా చూసేవాడు, పొద్దు వాలగానే గడప ఎక్కడుందో కాలితో వెతుక్కునేవాడు. ఒకనాటి సందెవేళ చెట్టు దిగుతూ, నేల వచ్చిందనుకుని మోకు వదిలాడు. నేల ఇంకా కింద ఉంది. మోకాలు చీరుకుపోయింది, నడుముకు వేలాడుతున్న నిండు లొట్టి పగిలి కల్లంతా మట్టిపాలయింది. “కాలు జారింది” అని అందరికీ చెప్పాడు. నిజం అవ్వకు ఒక్కదానికే తెలుసు.

ఏ చెట్టు ఎవరు గీయాలో చెప్పేవాడు కల్లు గుత్తకు పట్టిన ముస్తాజరు. చూపు తగ్గినవాడని తెలిస్తే ఆ మర్నాడే మా తాళ్లు ఇంకొకరికి పోతాయి. పోనీ సందె గీత మానేద్దామంటే, గీత తప్పిన చెట్టు కొద్ది రోజుల్లోనే కల్లు పారడం మానేస్తుంది. మాకు పొలం లేదు. ఆ చెట్లే మా పొలం, మా పాడి, మా గింజల కుండ. చెట్టుమీది పని బాపు చేతి తడుముడుతోనే చేయగలడు, ఎక్కడానికీ భయం లేదు. వచ్చిన చిక్కల్లా దిగడంలోనే. వెనక్కి వాలి మోకుకు వీపు ఆనించి, నడుముకు లొట్టితో దిగే మనిషికి నేల ఎంత దూరంలో ఉందో చెప్పే కన్ను ఒకటి కింద కావాలి. అవ్వ ఆ వేళకు కల్లు మండువ దగ్గర ముంతలు అందిస్తూ ఉండాలి. తను ఇక్కడే ఉన్నా, పెళ్లాం చెట్టుకింద నిలబడి మొగునికి కేకలేస్తే ఊరంతటికీ తెలిసిపోతుంది. పిల్లలు చెట్టుకింద లెక్కలు వల్లిస్తే ఎవరికీ ఏమీ అనిపించదు.

ఆ ఆలోచన అవ్వది. పగటిపూట ఎక్కినప్పుడు బాపు చేత మోకు జరిపే ప్రతి పట్టుకూ చెట్టుమీద వేలితో సున్నపు బొట్టు పెట్టించింది. ఎవరైనా అడిగితే చీమలెక్కకుండా అని చెప్పమంది. ఇంట్లో పొయ్యి పక్క గోడమీద కూడా అట్లాగే కిందినుంచి పైకి బొట్లు పెట్టి, నన్నూ నా చెల్లె లచ్చవ్వనూ ముందర కూర్చోబెట్టుకుంది. అప్పటికి నాకు ఆరేళ్లు, దానికి ఐదు నిండలేదు. నిజానికి నేర్పాలనుకున్నది నాకే. లచ్చవ్వ నా పక్కన కూర్చుని గేగు నములుతూ చూసేది, అంతే.

అవ్వ నేర్పిన తీరును ఇంతవరకూ నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. పైనుంచి మొదలుపెట్టనిచ్చేది కాదు. మొదటి రోజు నా వేలు అట్టడుగు బొట్టుమీద పెట్టి, “ఒకటి, నేల” అనిపించింది. నేల అన్నప్పుడు అరికాలితో మట్టిని తట్టాలి. మర్నాడు “రెండు, ఒకటి, నేల.” ఆ మర్నాడు ఇంకో బొట్టు. చెట్టు పెరిగినట్టు లెక్క కిందినుంచి పెరగాలి, కానీ ఎప్పుడు చెప్పినా దిగుతూనే చెప్పాలి. ఎంత ఎత్తునుంచి మొదలుపెట్టినా చివరకు వచ్చేది ముందే బాగా తెలిసిన చోటుకే కాబట్టి పిల్లవాడికి బెదురుండదు. సున్న అనే మాట నేను బడిలో ఆ తర్వాతెప్పుడో విన్నాను. మా ఇంట్లో దాని పేరు నేల.

పదిదాకా బాగానే దిగాను, పదిహేనుకూ దిగాను. ఇరవై దగ్గర మాత్రం ఎంత నేర్పినా నా నాలుక తిరగలేదు. ఇరవై తర్వాత ఇరవై తొమ్మిది అనేవాణ్ని. అవ్వ నెత్తిన చెయ్యి పెట్టుకునేది.

“ఓరి నీ పాడుగాను! మీ బాపు దిగుతుంటే మల్ల పైకెక్కిస్తివి గదరా!”

బాపు గోడకానుకుని పడీపడీ నవ్వేవాడు. “ఎక్కియ్యనీయే, ఇంకో లొట్టి కల్లు దెస్త” అనేవాడు.

మా చెట్లలో చాలావాటికి ఇరవైలోపే పట్లు. కాబట్టి నేనే పనికి కుదిరాను. సందెకు బాపు వెంట పోయేవాళ్లం, లచ్చవ్వ చిన్న బింకి కుండ ఒకటి చంకన పెట్టుకుని వెనక వచ్చేది. బాపు పైన లొట్టి మార్చుకుని, “యాడున్న బిడ్డా?” అనేవాడు. నేను బొట్టు చూసి చెప్పేవాణ్ని. ప్రతి బొట్టుకూ ఒక అంకె, చివర నేల. పక్క చెట్లు గీసే మల్లయ్య మామ అది విని, “ఏందిరా అల్లుడా, లోకమంత ఎక్కుతుంటె నువ్వు దిగుతున్నవ్?” అని ఎగతాళి చేసేవాడు. ఇరవై దాటిన చెట్టు ఒక్కటే, బాట పక్కనున్నది. దాని సంగతి వచ్చినప్పుడల్లా లచ్చవ్వ నా పక్కన చేరి సన్నగా అందించేది. ఎవరూ దానికి చెప్పలేదు. గేగు నములుతూనే అంతా పట్టేసుకుంది.

ఎవరు చెవిన వేశారో గానీ, ఒక సాయంత్రం ముస్తాజరు దగ్గర పనిచేసే జమేదారు సైకిలు మీద వచ్చి బాట మీదనే దిగాడు. వెనక నలుగురైదుగురు గీత కార్మికులు మూగారు.

“ఏం రాజయ్యా, సందెకు నీకు అవుపడ్తలేదట గదా? గా పెద్దతాడు ఎక్కు. నిండు లొట్టితోని దిగు. సూస్త.”

బాపు నడుముకు మోకు బిగించుకున్నాడు. చెట్టును తాకి కళ్లకద్దుకుని ఎక్కాడు. నేను బాట వైపు నిలబడ్డాను, లచ్చవ్వ చెట్టుకు అవతల ఖాళీ లొట్ల దగ్గర ఉంది. పైనుంచి అడిగాడు, నేను మొదలుపెట్టాను. ఇరవై నాలుగు, ఇరవై మూడు, ఇరవై రెండు, ఇరవై ఒకటి, ఇరవై. అక్కడ ఆగిపోయాను. మోకు కిర్రుమనడం ఆగింది. బాపు గాలిలో అట్లాగే నిలిచిపోయాడు. జమేదారు రెండడుగులు ముందుకు వేశాడు.

“యాడున్న బిడ్డా?”

“పంతొమ్మిది బాపూ” అంది చెట్టు అవతలి గొంతు.

లచ్చవ్వ ఒక్క బొట్టు తప్పలేదు, తొందరపడలేదు. పాటలా, బాపు కాలు కదిలినప్పుడే కదులుతూ చెప్పుకుంటూ పోయింది. నేను పెదవులు కదిపాను, అంతకుమించి ఏమీ చేయలేదు. “ఒకటి బాపూ, నేల” అని అది అరికాలు తట్టిన చప్పుడు నాకు వినిపించింది. ఆకు రాలినట్టు బాపు కాలు నేలమీద ఆనింది. లొట్టిలో కల్లు తొణకలేదు.

బాటమీది వాళ్లకు కనిపించినవాణ్ని నేనొక్కణ్నే. జమేదారు నా వీపు చరిచి, “ఏం పోరడయ్యా! మా మాలిక్ కొడుకు పదేండ్లోడు, సీదా లెక్కకే నత్తి పెడ్తడు. రాజయ్యా, గీన్ని బడికి తోలు” అన్నాడు. చెట్లు మాకే మిగిలాయి. ఆ మాట ఊరంతా పాకింది. బాపుకు ఏ బిడ్డ గొంతో తెలియదా? ఆ సాయంత్రం మొదటి ముద్ద లచ్చవ్వ నోట్లోనే పెట్టాడు. కానీ బయటి మాటను ఎవరూ దిద్దలేదు. “మొగపోరడన్నరు, అననియ్యి. తాళ్లు మిగిలినయి, గంతే సాలు” అంది అవ్వ. నేనూ నోరు విప్పలేదు. బడికి పోవడం నాకు ఇష్టమయింది, ఆ ఇష్టానికి ఆ మాట అడ్డు రాకూడదనుకున్నాను. నేను పలక పట్టుకుని ఉర్దూ బడిలో అలీఫ్, బే దిద్దుతున్న నెలలన్నీ లచ్చవ్వ ఒక్కతే తాళ్లకింద నిలబడింది. రేచీకటికి మంచిదని పొన్నగంటి కూర, ఎప్పుడైనా దొరికిన మేక కార్జం తిని తిని, తొలకరి నాటికి బాపుకు చూపు వచ్చింది. లచ్చవ్వకు మాత్రం బడి రాలేదు.

నా పిల్లలు ఇప్పుడు యాభై నుంచి గడగడ దిగుతారు. తనిఖీకి వచ్చినవాళ్లు ఈ పద్ధతి ఎక్కడిదని అడుగుతారు. ఇకమీదట చెబుతాను: పద్ధతి మా అవ్వది, గొంతు మా చెల్లెది. అట్లాంటి ఇంట్లో పుట్టినందుకు నాకున్న గర్వం ఇన్నేళ్లూ తప్పు మనిషి మెడలో దండగా వేలాడింది.

గజ్వేల్ బాట ఇప్పుడు వెడల్పాటి రోడ్డు, బస్సులు ఆగకుండా పోతాయి. ఆ వరుసలో ఒక్క తాడూ లేదు. మోకు చేసేవాళ్లు లేరు, ముంజబుర్రల బండి చూపిస్తే మా బడి పిల్లలు ఏమిటిది అని అడిగారు. మొన్న కుకునూరుపల్లి పోయి, అరుగుమీద మనవరాలి తల దువ్వుతున్న లచ్చవ్వకు ఇదంతా రాస్తున్నానని చెప్పాను. ఇన్నేళ్లు చెప్పలేదు, తప్పు నాదే అన్నాను. అది దువ్వెన ఆపకుండానే నవ్వింది.

“గిప్పుడు యాదికొచ్చిందా అన్నా నీకు? రాస్తె రాయి గని, నేనేదో ఒక్కనాడు చెప్పిన్నని రాయకు. సలికాలమంత, ఎండకాలమంత చెప్పిన. నేను నిలవడ్డన్ని దినాలు ఒక్క లొట్టి పగల్లే. గది రాయి.”