నేను ఇంగ్లీషులో రాసిన కాగితం

మొన్న సోమవారం పొద్దున్నే మా హెడ్మాస్టరు గారు ఫోనుకి ఒక అభ్యాసాల కాగితం పంపి, తొమ్మిదో తరగతికి ఈ వారంలో చెప్పేయమన్నారు. ఇంగ్లీషులో విశేషణం ముందు వెరీ, క్వైట్, స్లైట్లీ, ఎక్స్‌ట్రీమ్లీ వగైరాలు పెట్టి మాటకి బలం పెంచడమో తగ్గించడమో చేయడం, వాటిని ఇఫ్‌తో మొదలయ్యే వాక్యాల్లో ఇరికించడం, ఇదీ పాఠం. నాకు కొత్తేమీ కాదు, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. టీ తాగుతూ ఒక్కో వాక్యం చూస్తున్నదాన్ని ఏడో వాక్యం దగ్గర ఆగిపోయాను. కూలీలు ఇంకాస్త జాగ్రత్తగా ఉండి ఉంటే వాళ్ళకి ఇంత తీవ్రంగా హాని జరిగేది కాదు అని దాని అర్థం. ఎవరో మహానుభావుడు చల్లటి గదిలో కూర్చుని, పిల్లలకి వ్యాకరణం వస్తే చాలనుకుని రాసి ఉంటాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పక్కన పేపరు చదువుకుంటున్న మా ఆయన "ఏమైంది" అని అడిగిన పాపానికి, తడి తువ్వాలు మంచం మీద పడేసిన విషయం దగ్గర్నుంచి మొదలుపెట్టి దులిపేశాను. ఆయన పేపరు మడుచుకుని పెరట్లోకి వెళ్ళిపోయారు. నిజానికి ఆ కోపం ఆయన మీద కాదు, ఆ వాక్యం రాసినవాడి మీద కూడా పూర్తిగా కాదు. అలాంటి వాక్యమే ఒకటి పదిహేనేళ్ళ క్రితం నా చేత్తో నేనే రాశాను, మా అత్త కన్ను గురించి.

అత్త అంటే మా నాన్న అక్క. అమ్మ పోయాక నన్ను పెంచి, బీఈడీ దాకా చదివించింది ఆవిడే. తను మిరప కోతల ముఠాకి మేస్త్రీ. మా పొదిలి చుట్టుపక్కలంతా వానని నమ్ముకున్న మెట్ట పొలాలు, చలికాలం వచ్చేసరికి పని ఉండదు. క్రిస్మస్ ఆరాధన అయిన వారానికల్లా అత్త ముప్పై మంది ఆడవాళ్ళని, గిన్నెలు, దుప్పట్లు, బియ్యం మూటలతో సహా లారీ ఎక్కించి గుంటూరు వైపు మిరప చేలకి తీసుకెళ్ళేది. బయల్దేరే ముందు పాస్టరు గారు లారీ దగ్గర నిలబడి ప్రార్థన చేసేవారు. మంచివాడే గానీ ఆయనకి ప్రార్థన మొదలుపెట్టడమే తెలుసు, ఆపడం తెలీదు. ఆయన ఊపిరి తీసుకునే సందు చూసి అత్త గట్టిగా "ఆమెన్" అనేసేది, డ్రైవరు అదే అదనుగా బండి స్టార్టు చేసేవాడు. పాస్టరు గారి మిగతా ప్రార్థన దుమ్ములో కలిసిపోయేది.

అత్తకి మాటల్లో ఒక చాదస్తం ఉండేది. తన కష్టం ఎంత పెద్దదైనా "కొంచెం" అనే అనేది. ఒళ్ళు కాలిపోతున్నా కొంచెం వెచ్చగా ఉంది, మడమ చీలి రక్తం కారుతున్నా కొంచెం గీరుకుంది. అదే ముఠాలో ఎవరికైనా తలనొప్పి వస్తే మాత్రం చేను ఆసామి దగ్గరికి వెళ్ళి, "దానికి ప్రాణం మీదికొచ్చింది బాబూ" అని చెప్పి పూట సెలవు ఇప్పించేది. కాలేజీలో చదివే రోజుల్లో నేను దీన్ని తలుచుకుని నవ్వుకునేదాన్ని. ఆ "కొంచెం" ఒకరోజు ఆవిడ మెడకే చుట్టుకుంటుందని అప్పట్లో తెలీదు.

మిరప కోతల్లో మా వాళ్ళకీ ఆసాములకీ మధ్య ఒక కట్టుబాటు ఉండేది. చేనుకి పురుగుమందు కొట్టిస్తే, ఆసామి గట్టు మీద కర్ర పాతి దానికి ఖాళీ మందు డబ్బా బోర్లించాలి. డబ్బా ఉన్నన్ని రోజులు ముఠా ఆ చేలో అడుగు పెట్టదు. డబ్బా లేకపోతే దిగొచ్చు. చదువు రాని ముప్పై మందికి అంతకు మించిన కాగితం లేదు. నోటితో అడగడమనేది ఉండేది కాదు. అడిగితే ఆసామిని అనుమానించినట్టని, అది మర్యాద కాదని అనుకునేవాళ్ళు. మర్యాదలన్నీ కూలికి వెళ్ళేవాళ్ళే ఎందుకు పాటించాలో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆ ఏడు నేను దాచేపల్లి వైపు ఒక చిన్న ఇంగ్లీషు మీడియం స్కూల్లో టీచరుగా చేరి నాలుగు నెలలైంది. అత్త ముఠా దిగింది కూడా అక్కడికి దగ్గర్లోనే. చేను ఆసామి మా స్కూలు కరస్పాండెంటుకి స్వయానా బావమరిది. పండిన కాయ చెట్టు మీద ఉండగా మబ్బు పట్టేసరికి ఆయనకి కంగారు పుట్టింది. ముందురోజు సాయంత్రం మందు కొట్టించిన చేను గట్టు మీద నుంచి, తెల్లారేసరికి డబ్బా తీయించేశాడు. తీసిన పాలేరే మర్నాడు మా వాళ్ళతో ఈ సంగతి చెప్పి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ముఠా చేలోకి దిగేసరికి ఆకులింకా తడిగా ఉన్నాయి. మంచు అనుకున్నారు. మందు వాసన రాలేదా అంటే, ఆ చేలు ఎప్పుడూ మందు వాసనే. కాసేపటికి అత్త మోచేత్తో చెమట తుడుచుకుంది, కుడి కంట్లో మంట మొదలైంది. మిరపకాయ కోసేవాళ్ళకి కంట్లో మంట రోజూ ఉండేదే కదా. అందరూ చేసేదే తనూ చేసింది. మజ్జిగ నీళ్ళతో కడుక్కుని, కొంగు అద్దుకుని మళ్ళీ దిగింది. మధ్యాహ్నానికి నలుగురు వాంతులు చేసుకుని కూలబడ్డాక గానీ అది మిరప మంట కాదని తెలీలేదు. అందర్నీ గట్టు మీదికి పిలిచింది. ఆసామి పరిగెత్తుకొచ్చి "నీకెలా ఉంది మేస్త్రీ" అని అడిగితే, "నాకేంలే, కొంచెం మంట. ముందు వీళ్ళని ఆస్పత్రికి తోలించండి బాబూ" అంది. ఆ నలుగురూ రెండు రోజుల్లో తేరుకున్నారు. మూడో రోజుకి అత్త కంట్లో నల్లగుడ్డు మీద తెల్లటి పొర కమ్మింది.

ఆ సాయంత్రమే ఆసామి నన్ను ఇంటికి పిలిపించాడు. కరస్పాండెంటు గారు కూడా అక్కడే ఉన్నారు. నాకు కుర్చీ వేశారు. అత్త కంటికి గుడ్డ కట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది.

"రేపు విచారణకి ఎవరో ఆఫీసరు వస్తున్నాడంట టీచరమ్మా. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసి మీవాళ్ళ చేత సంతకాలు పెట్టించండి. ఇంగ్లీషు కాగితమైతే ఎదురు ప్రశ్నలుండవు. అది కాగానే మా కారులోనే మీ అత్తని గుంటూరు కంటి ఆస్పత్రికి పంపిస్తాను" అన్నాడు ఆసామి.

గుంటూరుకి బస్సుంది. ఆ సంగతి నాకు తట్టలేదని చెబితే అబద్ధం. ఉద్యోగం పోతుందని భయపడ్డాను, అంతే. ఆయన చెబుతుంటే రాశాను. కొంచెం కళ్ళు మండాయని రాయమన్నాడు, ఆవిడే కొంచెం అంది కదా అని గుర్తు చేశాడు కూడా. స్లైట్లీ అని రాశాను. మందు సంగతి మేమే ముందుగా అడిగి ఉంటే ఆసామి తప్పకుండా చెప్పేవారని రాయమన్నాడు. ఆ ఇఫ్ వాక్యం ఎక్కడా పొల్లు పోకుండా ఎంత చక్కగా కుదిరిందో. డబ్బా ఊసే లేదు. కరస్పాండెంటు గారు చదివి, "మీ ఇంగ్లీషు చాలా బావుంది మేడం" అన్నారు. అత్త అక్కడ గుడ్డ కట్టుకుని నిలబడి ఉండగా, ఆ మెప్పుకి నేను లోపల పొంగిపోయాను. దీనికి నన్ను నేను ఎన్ని తిట్టుకున్నా తక్కువే.

"ఏం రాశావే" అంది అత్త.

"జరిగిందే రాశాను అత్తా."

ఇంకేమీ అడగలేదు. తనకి వచ్చిన ఒకే ఒక్క రాత తన పేరు, అది మెల్లగా పెట్టింది. ఆవిడ పెట్టింది గనక మిగతావాళ్ళు వరసగా వేలిముద్రలు వేశారు.

గుంటూరులో డాక్టరు లైటు వేసి చూసి, రెండు రోజులు ముందు తీసుకొచ్చి ఉంటే కన్ను దక్కేదన్నాడు. అడిగి ఉంటే, వచ్చి ఉంటే, జాగ్రత్తగా ఉండి ఉంటే. ఈ ఉంటేలన్నీ కన్ను పోయినవాళ్ళ నెత్తినే పడతాయి. డబ్బా తీయించకుండా ఉంటే అని ఒక్కడూ అనడు. ఆఫీసరు నా కాగితం చదివి, టీ తాగి వెళ్ళాడట. వేసవి సెలవుల్లో నేను ఆ ఉద్యోగం మానేసి పొదిలి వచ్చేశాను, కానీ అందులో గొప్పేముంది, రాయాల్సిందంతా రాసేశాక. అత్త మాత్రం ఇంకో ఎనిమిదేళ్ళు ఒంటికన్నుతోనే ముఠా నడిపింది. మర్యాద సంగతి పక్కన పెట్టేసింది. ఏ చేనుకి వెళ్ళినా "ముందు మీరు నాలుగు చెట్లు కోయండి బాబూ, తర్వాత మేం దిగుతాం" అని ఆసామినే చేలోకి దించేది. తెల్లబట్టల పెద్దమనుషులు పంచెలు ఎగ్గట్టుకుని మిరపకాయలు కోస్తుంటే ముఠా అంతా గట్టు మీద కూర్చుని చూసేదట. నన్ను మాత్రం ఆ కాగితం గురించి ఒక్కమాట అడగలేదు. అడిగి నాలుగు తిట్టినా బావుండేది.

సోమవారం స్కూలు అయిపోగానే ఆవిడ ఇంటికి వెళ్ళాను. మా వీధి చివరే ఉంటుంది. మనవరాలితో కలిసి వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఎదురుగా కూర్చుని, ఆ కాగితంలో రాసిందంతా మాట పొల్లుపోకుండా తెలుగులో చెప్పాను. తొడిమలు తీసే చెయ్యి ఆగలేదు.

"డబ్బా సంగతి రాయలేదని ఆరోజే తెలుసులే. రాస్తే కారు పంపేవాడా" అంది.

"మరి సంతకం ఎందుకు పెట్టావత్తా?"

"నీకు ఉద్యోగం కొత్త."

నేనూ ఒక మిరపకాయ తీసుకుని తొడిమ తుంచాను. "నా మీద కోపం రాలేదా" అన్నాను చివరికి.

"వచ్చింది. ఇంకా ఉంది."

అప్పుడు చెయ్యి ఆపి, కనిపించే కన్నుతో నన్ను చూసింది. నేను సంచిలోంచి పుస్తకం తీసి, ఒక కాగితం చింపి, ఇప్పుడు రాస్తానన్నాను. ఎవరికి పంపుతావని అడగలేదు. ఎవరికి పంపాలో నాకూ తెలీదు.

"రాయి. తెలుగులో రాయి. డబ్బా తీయించాడు. కన్ను పోయింది. ఇంకేం కలపకు" అంది.

అంతే రాశాను. మొత్తం నాలుగు మాటలు. అవి రాయడానికి నాకు పదిహేనేళ్ళు పట్టింది.