సొరపందిరి నడిమి కర్ర

నా చిన్నప్పుడు, ఇంకా డైరీ రాయడం మొదలుపెట్టని రోజుల్లో జరిగిన సంగతి ఇది. అందుకే తేదీ చెప్పలేను. మిగతాదంతా చెప్పగలను.

తమిళ సీమలో, గుడియాత్తంలో మా ఇంటి పెరడు పట్టుమని పది అడుగుల వెడల్పు ఉండేది కాదు. అందులోనే మా అవ్వ ఇంటికి కావలసిన కూరగాయలు పండించేది. అంగట్లో అమ్మే ఎరువునూ మందునూ గడప దాటి రానిచ్చేది కాదు. పేడనీళ్ళు, పొయ్యి బూడిద, బియ్యం కడిగిన నీళ్ళు, అంతే. ఆకులకు పేనుబంక పడితే, పక్కవీధి నేతగాళ్ళు పడుగుకు పూయగా మిగిలిన గంజిని అడిగి తెచ్చి, పల్చగా కలిపి చల్లేది. గంజి ఎండి పెచ్చులుగా రాలితే పురుగులూ దానితో రాలిపోయేవి.

ఆ ఏడు పందిరి మీద ఒక్కటే సొరతీగ. అవ్వ తన పుట్టింటి నుంచి, కె.వి.కుప్పం నుంచి తెచ్చుకున్న విత్తనం అది. దాచిన గింజలన్నీ వానకు తడిసి బూజుపట్టగా, మొలిచింది ఆ ఒక్కటే. అందుకని ఒక కాయను కోయకుండా విత్తనానికి వదిలింది. అది తీగమీదే ముదిరి ఎండాలి, లేకపోతే ఆ విత్తనం మా ఇంట్లో ఇక లేనట్టే. రోజూ పొద్దున్నే దాని తొడిమను వేలితో తడిమి చూసేది.

ఎన్నికల రోజులవి. ఊరంతా తమిళ పార్టీవాళ్ళ నలుపూ ఎరుపూ జెండాలు. ఊరేగింపులో నడవాలని నాకూ ఆశ. "మీ ఇంట్లో తెలుగు కదరా, మా జెండా నీకెందుకు?" అని బడిలో పిల్లలు తమిళంలో ఎగతాళి చేసేవాళ్ళు. జెండా గుడ్డలు పంచే అన్న మాత్రం నాకూ ఒకటి ఇచ్చి, పొడుగు కర్ర తెచ్చుకున్నవాడు ముందువరుసలో నడవొచ్చని చెప్పాడు. మా ఇంట్లో పొడుగాటి వెదురు ఒక్కటే ఉంది. అది పందిరి నడిమి కర్ర.

మధ్యాహ్నం అవ్వ కునుకు తీస్తుంటే దాన్ని ఊడలాగి, పక్కన పెట్టి గుడ్డ కట్టాను. ముడి వేసి తలెత్తేసరికి పందిరి నడుమ కుంగిపోతోంది. విత్తనపు కాయ బరువుకు తీగ సగం చీలింది. పరుగెత్తి రెండు చేతులతో పందిరిని ఎత్తిపట్టి అవ్వను కేకేశాను.

అవ్వ వచ్చింది. తడిమట్టిలో పేడ కలిపి చీలిన చోట మెత్తి, పాత లుంగీ పేలికతో కట్టింది. తర్వాత జెండా కట్టిన కర్రను చేతిలోకి తీసుకుంది.

"ఇది జెండాకు పోయింది గదా నాయనా. పందిరికి వేరే కర్ర యాడన్నా ఉండాదేమో చూసి వస్తా. కొంజెం ఓర్చుకో."

అవ్వ పక్కింటికి వెళ్ళింది. ఆ ఇంటి అక్క గొంతు గోడ అవతలి నుంచి వినిపించింది. "ఏం అత్తా, కర్ర చేతిలో పెట్టుకొనే కర్ర అడగతా ఉండావే?"

"ఇది కర్ర కాదమ్మా, మా అబ్బోడి పార్టీ."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత అవ్వ తీరిగ్గా కూర్చుని ఊరి కబుర్లన్నీ చెప్పింది. వీధిలో డప్పులతో ఊరేగింపు వచ్చింది, మా ఇల్లు దాటి వెళ్ళిపోయింది. నేను చేతులెత్తి అలాగే నిలబడ్డాను. భుజాలు లాగడం మొదలైంది. వదిలేద్దామనుకున్న ప్రతిసారీ పేలిక కట్టిన చోటు కనిపించేది.

అవ్వ అదే కర్రతో తిరిగి వచ్చి, గుడ్డ విప్పి నా జేబులో పెట్టి, కర్రను దాని చోట నిలబెట్టింది.

"నొప్పి పుట్టిందా? ఆ కర్ర ఇన్నాళ్ళూ మోసింది. ఒక్క దినమన్నా మనతో చెప్పిందా?"

కాయ చిన్నగానే ఎండింది. గింజలు నీళ్ళలో వేస్తే చాలావరకు తాలువై తేలాయి. ఏడు మునిగాయి. "ఏడు చాల్లే" అంది అవ్వ. ఇప్పుడు వేలూరులో మిద్దె మీద, తొట్లలో నేను పెంచుతున్నది ఆ సొరే.

పెద్దయ్యాక ఆంబూరులో ఒక చెప్పుల కంపెనీ ఆఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేశాను. గేటు మీద పార్టీల జెండాలు మారుతూనే ఉండేవి. పని తగ్గినప్పుడు ఎవరిని తీసేయాలో జాబితా రాయడం మాత్రం ఎప్పుడూ నా వంతే. పేరు రాసేముందు ఆ మనిషి మీద ఇంట్లో ఎందరు ఆధారపడి ఉన్నారో అడిగి తెలుసుకునేవాణ్ణి. అలా అడిగి కొందరిని పనిలో నిలబెట్టగలిగాను. కొన్నిసార్లు అడగలేదు. పైవాళ్ళ తొందర ఒకటి, నా అలసట ఒకటి. అడగకుండా జాబితాకెక్కించిన పేర్లన్నీ డైరీల్లో రాసి ఉంచాను. ఏడాదికొకసారి తీసి చదువుతాను. రెండు పేజీలు తిప్పేసరికి నా భుజాలు లాగడం మొదలవుతుంది.