అయ్యవారి లాడాలు

పుంగనూరులో లెక్కలు చెప్పే సిద్ధప్ప అయ్యవారు పరీక్షలు వస్తున్నాయంటే చెప్పులకు కొత్త ఇనుప లాడాలు కొట్టించుకునేవాడు. వరండాలో ఆ టకటక వినబడగానే కలాలు ఆగి, చీటీలు జేబుల్లోకి పోయేవి. "పట్టుకునేదానికంటే మానిపించేది మేలు కదప్పా" అనేవాడు, ముక్కుపొడుం పీలుస్తూ.

డెబ్బై ఎనిమిదిలో, లెక్కల పరీక్షనాడు దారిలో చెప్పు తెగింది. వట్టికాళ్లతో గదిలో తిరుగుతూ తొమ్మిదో తరగతి రెడ్డెమ్మ వెనక ఆగాడు. అరచేతిలో చీటీతో ఆ పిల్ల తలెత్తి చూసి బిగుసుకుపోయింది. తానే దొంగచాటుగా వచ్చినట్టు అయ్యవారికి సిగ్గేసింది. చీటీ తీసుకుని పొడుం డబ్బీలో దాచి, "ఆ లెక్క కొట్టేయమ్మా. మిగిలినవి నీకు వచ్చినట్టు రాయి" అన్నాడు మెల్లగా. గుమ్మంలోంచి హెడ్మాస్టరు, "ఏం సిద్ధప్పా, ఎవురన్నా చిక్కినారా?" అని అడిగాడు. "లేదు సార్. చెప్పు తెగిపోయుండాది" అన్నాడాయన.

సాయంత్రం చెప్పులు కుట్టే ఇస్మాయిల్ దగ్గర కూర్చుని దాన్ని బాగుచేయించుకున్నాడు. మర్నాడు సైన్సు పరీక్షలో టకటక మొదలవగానే గదిలో కలాలు ఆగాయి. అయ్యవారు తృప్తిగా చిటికెడు పొడుం పీల్చుకున్నాడు. అరచేతిలో ఏ చీటీ లేని రెడ్డెమ్మ కలం మాత్రం ఆగలేదు.