పునీత ఆరుద్రమ్మ

చర్చిలో ఇచ్చిన కొత్త క్యాలెండర్ చుట్ట విప్పగానే, ఆ అచ్చు సిరా వాసనకి రెంటచింతలలోని మా ఇంటి గోడ గుర్తొచ్చింది. ఆ గోడ మీది క్యాలెండర్లో తేదీల కింద పునీతుల పేర్లుండేవి. కార్తెలుండేవి కావు. వాటికోసం నాన్న పక్కింటి కోటయ్య మామ గోడ దగ్గరికి వెళ్లి చూసుకునేవాడు.

నా చిన్నప్పుడు ఒక ఏడు వాన మీద ఆశతో మావాళ్లు పత్తి గింజలు పొడి దుక్కిలోనే పెట్టేశారు. మబ్బు జాడ లేదు. చేలో అడుగు పెడితే అరికాళ్లు కాలేవి. ఒకరోజు నాన్న మామ ఇంటి నుంచి వచ్చి గడపలో కూలబడ్డాడు.

"మృగశిర మోసం చేసిందే. ఇంక మనకు ఆరుద్రే దిక్కు," అన్నాడు అమ్మతో.

'నీవే దిక్కు' అని మేం ప్రార్థనలోనే అనేవాళ్లం. అందుకని ఆరుద్ర అంటే మా క్యాలెండర్లో చోటు దొరకని ఎవరో పునీతురాలనుకున్నాను.

ఆ సాయంత్రం జపమాల అయ్యాక అమ్మ వరసగా పునీతుల పేర్లు చెబుతుంటే, నేను మధ్యలో గట్టిగా అందుకున్నాను.

"పునీత ఆరుద్రమ్మా!"

"ఏందే ఆ పేరు? నోర్ముయ్," అంటూ అమ్మ నా తొడ గిల్లింది.

నాన్న కళ్లు తెరవలేదు. చేతులు ఇంకా గట్టిగా జోడించి, "మా కొరకు ప్రార్థించండి," అన్నాడు.

ఆరుద్ర కార్తె చినుకు రాల్చకుండానే వెళ్లిపోయింది. గింజలు మట్టిలోనే మాడిపోయాయి.

కొత్త క్యాలెండర్ మేకుకి తగిలిస్తూ ఇప్పుడు అదే అనుకుంటున్నాను. ఆరుద్ర పునీతురాలు కాదని ఆ రోజు నాకు తెలియదు. నాన్నకి తెలుసు.